నా చావులు లెక్కపెట్టిన ఎల్.ఐ. గారు

మీకొక మహాకావ్యం చెబుదామని కూర్చున్నాను. అందులో కొండలుంటాయి, కొండల్ని మింగేసే పొగమంచు ఉంటుంది, తీగల్లో పరిగెత్తే నిప్పు ఉంటుంది. మృత్యువుకి ఎదురుగా ముప్పై ఏళ్ళు నిలబడ్డ ఒక యోధుడుంటాడు. ఆయన దగ్గర విద్య నేర్చుకున్న శిష్యుడుంటాడు. ఆ శిష్యుణ్ణి నేనే.

ఇంతవరకు రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. అసలు సంగతి చిన్నది. అరకు పక్కన ఒక కరెంటు సెక్షను. దానికొక లైన్ ఇన్‌స్పెక్టరు, అందరం ఎల్.ఐ. గారనేవాళ్ళం. ఆయన కింద కొత్తగా చేరిన ఎనర్జీ అసిస్టెంటుని నేను. పేరు వింటే బలం టానిక్కులా ఉంటుంది గానీ, పని స్తంభాలెక్కడం. ఆయన నన్ను నాలుగు నెలలపాటు స్తంభం ఎక్కనివ్వలేదు. యోధుడూ, శిష్యుడూ, నిప్పూ అన్నీ కలిపి ఇంతే.

మొన్న మంగళవారం ఆయన పోయారని మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. రిటైరై ఏడాదయింది. కింద వరసగా దండం బొమ్మలు. పావుగంట ఆగి ఒకాయన ఉండబట్టలేక "షాకా?" అని అడిగేశాడు. కాదట. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారు, టీకి లేపితే లేవలేదు. ఆ తరవాత గ్రూపులో చాలాసేపు ఎవరూ ఏమీ పెట్టలేదు. అబద్ధమెందుకు, అందరికీ కొంచెం ఆశాభంగమైనట్టే ఉంది. నాకూ అంతే. అన్నేళ్ళు ఆయన దేని కోసం కాపు కాశారో అది రాలేదు. ఇంకేదో పెరటి దారిన వచ్చి పని కానిచ్చేసిందనిపించింది.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కనిపించేది ముఖం కాదు, కుడిచేతి వెనక వైపు. దేన్ని తాకాలన్నా ముందు వేళ్ళ వెనక వైపు ఆనించి చూసేవారు. తలుపు గొళ్ళెం, టీ గ్లాసు, బండి సీటు, బ్యాంకు కౌంటరు, సంతలో పనసకాయ. వైర్లతో పని చేసేవాళ్ళ అలవాటది. కరెంటుంటే చెయ్యి ముడుచుకుంటుంది. అరచేత్తో ముట్టుకుంటే ఆ ముడుచుకోవడంలో తీగనే పట్టేసుకుంటుంది, వెనక వైపైతే విడిపోతుంది.

"పదకొండు వేల వోల్టుల దగ్గర ముందైనా వెనకైనా ఒకటే కదా సార్," అన్నాను ఒకసారి, నా తెలివి చూపించుకుందామని.

"పనసకాయకి పన్జేస్తాది గదేటి," అన్నారు.

ఆఫీసులో ఒకామె తన పాపని తెచ్చి చేతికివ్వబోతే, ముందు వేళ్ళ వెనకతో బుగ్గ తాకి, సప్లై లేదని ఖాయం చేసుకుని, అప్పుడు ఎత్తుకున్నారు. పాప నవ్వింది. ఆయన నవ్వలేదు. డ్యూటీలో ఉన్నారు.

నడిచేటప్పుడు ఎప్పుడూ పైకే చూసేవారు, తీగల్ని. అందుకని మా సెక్షన్లో ఆయన తొక్కని పేడ లేదు. ఫోను మోగితే వెంటనే ఎత్తేవారు కాదు. ముందు చుట్టూ చూసి మమ్మల్ని లెక్కపెట్టుకునేవారు. ఎనిమిది మందిమీ కనిపిస్తే తీరిగ్గా ఎత్తి "ఆఁ, సెప్పండి" అనేవారు. ఒకడు తక్కువైతే, వాడు బజారుకి బజ్జీలకెళ్ళినా సరే, ఫోను చెవి దాకా చేరేలోపే ఆయన పెదాలు ఎండిపోయేవి. మాకూ అదే అంటుకుంది. ఇప్పటికీ ఎక్కడైనా ఫోను మోగితే నేను మనుషుల్ని లెక్కపెడతాను. పెళ్ళిళ్ళలో చాలా కష్టం.

ఉద్యోగంలో చేరేముందు మా మామయ్య నన్ను కూర్చోబెట్టి, పై అధికారితో ఎలా మెలగాలో చెప్పాడు. మామయ్య హుకుంపేటలో అటెండరు. ఎందరో అధికారుల్ని తన చేతుల మీదుగా ట్రాన్స్‌ఫరు చేయించినవాడిలా మాట్లాడతాడు. "ఆయన కన్నా ముందు రా. టీ అడక్కముందే పట్టుకెళ్ళు. ఏటి సెప్పినా సరే సార్ అను. సరే అన్నోడికి ప్రొబేషను ఆగిందని నానెక్కడా ఇన్లేదు," అన్నాడు. ప్రొబేషను అయిపోయిందని రాయాల్సింది ఎల్.ఐ. గారే. ఆ కాగితం లేకపోతే ఉద్యోగం ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఇంట్లో జీతమొచ్చే మనిషిని నేనొక్కణ్ణే. అందుకని మామయ్య మాట నెత్తిన పెట్టుకుని వెళ్ళాను.

మొదటి రోజు సబ్‌స్టేషన్ గేటు బయట స్తంభం చూపించి "ఎక్కు," అన్నారు.

"సరే సార్," అని నిచ్చెన వేసి రెండో మెట్టు మీద కాలు పెట్టాను. వెనక నుంచి నడుం బెల్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. నేలమీద కూలబడ్డాను.

"ఎల్.సి. తీసావా?"

ఎల్.సి. అంటే లైన్ క్లియర్. పని చేసే తీగలో కరెంటు ఆపేశాను, నువ్వు చెప్పేదాకా మళ్ళీ వెయ్యను అని సబ్‌స్టేషన్ ఆపరేటరు ఇచ్చే మాట. దానికొక నంబరుంటుంది.

"లేదు సార్. మీరు తీశారనుకున్నాను."

"నాను సెప్పానేటి?"

"లేదు సార్."

"పోనీ, అడిగావా?"

"లేదు సార్."

"మరైతే సచ్చిపోనావు," అన్నారు మామూలుగా, బస్సు వెళ్ళిపోయిందని చెప్పినట్టు. చొక్కా జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, నా పేరు రాసుకుని, పక్కన ఒక గీత పెట్టారు. "ఒకటి."

నాలుగు నెలలు ఇదే వరస. "గ్లౌజులెందుకురా, ఎండకి సేతులు సెమటట్టేస్తాయి, కానీ" అనేవారు. "ఆపరేటరు మనోడే, ఫోనక్కర్లేదు, కొమ్మ కొట్టీ" అనేవారు. "ఇది టెస్టు కాదురా, నిజంగా పనే, బేగి ఎక్కు" అనేవారు. నా ఏడో చావు అలా వచ్చింది. నేను "సరే సార్" అన్న ప్రతిసారీ నోటుపుస్తకం బయటికొచ్చేది. మొత్తం పదకొండు సార్లు పోయాను. పదకొండు సార్లు పోయి కూడా రోజూ తొమ్మిదింటికల్లా డ్యూటీలో ఉండేవాణ్ణి, మామయ్య చెప్పినట్టు ఆయన కన్నా ముందే.

"సరే అనేవోడు నాకొద్దురా. సరే అనీసి పైకెల్లిపోతాడు. మరి దిగడు," అనేవారు.

ఒకరోజు కాఫీ తోటలో సిల్వర్ ఓక్ కొమ్మ తీగ మీదకి వాలింది, కొట్టమన్నారు. నాకెందుకో విసుగొచ్చేసింది. "నంబరు చెప్పండి సార్, అప్పుడు కొడతాను," అన్నాను. "నామీద నమ్మకం నేదేటి?" అన్నారు. "లేదు సార్," అన్నాను. ప్రొబేషను పోయిందనుకున్నాను. ఆయన తన గ్లాసులో టీ సగం నా గ్లాసులో ఒంపారు. జేబు వైపు చెయ్యి పోనివ్వలేదు. ఆ తరవాత వారం నుంచి స్తంభాలెక్కడం మొదలుపెట్టాను.

ఆ మధ్యలోనే ఒక ఆదివారం "మీ ఇంటికెల్దాం పద," అన్నారు. మా ఊరు హుకుంపేట దాటి లోపలికి. కొంత దూరం బండి, ఒక వాగు, ఆ తరవాత నడక. పై అధికారి ఇంటికి రావడమంటే మాటలా. కోడి పెట్టని గుడ్డుకు కూడా అమ్మ క్షమాపణ చెప్పింది, చివరికి ఆ కోడినే కోసింది. ఆయన మా తలుపుని వేళ్ళ వెనకతో తాకి లోపలికొచ్చారు, ఒకే ఒక్క బల్బు వైపు పైకి చూస్తూ గట్టు తన్నుకున్నారు, కూర్చున్నారు. అన్నం తింటూ అమ్మతో కబుర్లు పెట్టారు.

"నీకు బీపీ ఏటైనా ఉందా అమ్మా?"

"నేదు బావూ."

"గుండె దడ గట్రా?"

"నాకేటి బావూ, కొండెక్కి దిగుతాను."

"పక్కింట్లో ఎవులుంటారు? పగలు ఇంటికాడ ఉంటారా, పొలమెల్లిపోతారా? మీ తమ్ముడి నంబరియ్యి. సిగ్నలుంటాదా ఆడికి?"

అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నారు. అమ్మ మురిసిపోయింది. నన్ను వాకిట్లోకి పిలిచి, "ఇంత మంచి సారు ఎవులికి దొరుకుతాడురా, సొంత తమ్ముడు కూడా నా బీపీ అడగలేదు," అంది.

తిరిగి వచ్చేటప్పుడు వాగు దగ్గర బండి ఆపించారు.

"ఎందుకొచ్చానో తెల్సా?"

"కోడి కోసం సార్."

ఆయన ఆ మాట విననట్టే నీళ్ళ వైపు చూస్తూ చెప్పారు. "నాను కొత్తగా ఎల్.ఐ.నయ్యాను అప్పుడు. ముంచింగిపుట్టు అవతల. నా కింద గుంటడొకడు స్తంభం మీదే ఉండిపోనాడు. ఇంటికి కబురు నానే తీసుకెల్లాను. ఆడిల్లు నాకు తెల్దు. ఊరు మొదట్లో ఒకామె కట్టెలమోపు దించుకుని ఆయాసం తీర్చుకుంతంది. పలానోళ్ళ ఇల్లెక్కడమ్మా అనడిగాను. మా ఇల్లే బావూ, రండి అంది. మోపు మళ్ళీ నెత్తికెత్తుకుంది. నాను సెయ్యి కూడా ఎయ్యలేదు. దారంతా మాటాడతానే ఉంది. మావోడికి నోరెక్కువ, మీరేటీ అనుకోకండి, పని మాత్రం సేస్తాడు, అని. ఇల్లొచ్చేదాకా నాను ఊఁ కొడతానే ఉన్నాను."

"ఎంత దూరం సార్ ఇల్లు?" అన్నాను.

"అర కిలోమీటరుంటాది."

వంగి వాగు నీళ్ళని వేళ్ళ వెనకతో తాకారు. "అప్పట్నుంచి కొత్తోడెవుడొచ్చినా ముందు ఆళ్ళమ్మని సూసొస్తాను. అలాటి కబురు ఆళ్ళకి తెలిసిన మొకమే సెప్పాల. రేపు నాను ఒక్కణ్ణే మీ గుమ్మంలో నిలబడితే, మీయమ్మకి మాటతో పన్లేదు. సూడగానే తెలిసిపోద్ది," అన్నారు.

మిగతా సెక్షన్లలో పై అధికారులు పండక్కి స్వీటు పాకెట్టు ఇస్తారు. మా సెక్షన్లో ఎనిమిది మందిమి. ఎనిమిది మంది తల్లులకీ ఎల్.ఐ. గారంటే ప్రాణం. ఆయన బండి హుకుంపేట వైపు వెళ్తుంటే మాత్రం, నేను ఎక్కడున్నా సరే, ఒకసారి నా నాడి చూసుకునేవాణ్ణి.

ఆ శీతాకాలం లోయ నిండా మంచు, మంచు నిండా టూరిస్టులు. ఎల్.ఐ. గారి రిటైర్మెంటుకి ఇంకా మూడు నెలలుంది. నా ప్రొబేషన్ కాగితం ఆయన టేబులు మీదుంది. పొద్దున్న ఎనిమిదింటికి ఒక రిసార్టుకి కరెంటు పోయింది. మెయిన్ లైను నుంచి ఆ రిసార్టు ట్రాన్స్‌ఫార్మరుకి తీగలు చీలే స్తంభం మీద, రెండు తీగల్ని కలిపే చిన్న ముక్క తెగిపోయింది. దాన్ని జంపరంటారు. రెండు నిమిషాల పని. మేమిద్దరం వెళ్ళాం. పది అడుగుల అవతల ఏముందో కనిపించడం లేదు. మంచులో ఎక్కడో రిసార్టు పాటలు వినిపిస్తున్నాయి, వాటి కింద సన్నగా ఒక గురక.

దారి పొడుగునా ఆయనకి ఫోన్లు. రిసార్టు మేనేజరు, ఆ మేనేజరు చెప్పిన ఇంకో పెద్దమనిషి, ఆ పెద్దమనిషి చెప్పిన మా పై ఆఫీసరు. నిచ్చెన వేసేసరికి మళ్ళీ మోగింది. ఆయన చుట్టూ చూడకుండానే ఎత్తారు. "సరే సార్," అన్నారు. "సరే సార్. సరే సార్."

ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు.

"ఎక్కు," అన్నారు.

"ఎల్.సి. సార్?"

నంబరు చెప్పారు. నేను ఆపరేటరుకి ఫోన్ చేసి అడిగాను. సరిపోయింది.

"ఎర్త్ రాడ్లు సార్?"

అవి పొడుగు కర్రలు. కొసన కొక్కెం, కొక్కేనికి తీగ, ఆ తీగ రెండో చివర భూమిలో దింపుతాం. ఎక్కే ముందు లైనుకి అవి తగిలిస్తే, ఏ మూల నుంచి ఏ కరెంటొచ్చినా మనిషి బదులు భూమి తీసుకుంటుంది.

"ఆఫీసులో ఉండిపోనాయి. లైను ఆపీసాం గదా, మరేటి? ఎక్కు."

"ఎక్కను సార్."

టీలో సగం వస్తుందని చూశాను. రాలేదు.

"ఇది టెస్టు కాదురా."

"టెస్టు పెట్టినప్పుడు కూడా ఇలాగే అంటారు సార్."

"నీ కాయితం ఇంకా సంతకం సెయ్యలేదు. గుర్తుందా?"

"ఉంది సార్."

ఆయన ముఖం చూశాను. నిజంగానే టెస్టు కాదు. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తలేదు. నన్ను పక్కకి తోసి, బెల్టు కట్టుకుని, తనే నిచ్చెన మీద కాలు పెట్టారు. నాకప్పుడేదో స్ఫురించిందని రాస్తే బాగుంటుంది. ఏమీ స్ఫురించలేదు. ఆ గురక ఏమిటో కూడా ఆలోచించలేదు. పదకొండు గీతల భయం, అంతే. ఆయన బెల్టు పట్టుకుని కిందకి లాగేశాను. ఇద్దరం పడ్డాం. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. సగం నాకు అర్థం కూడా కాలేదు, మా కొండవాళ్ళకి తెలియని మైదానం తిట్లు.

"రాడ్లు తెస్తాను సార్. అప్పటిదాకా నిచ్చెన నాతో పట్టుకుపోతాను," అన్నాను. నిచ్చెన భుజాన వేసుకుని బండి నడపడం ఎంత కష్టమో రెండు మలుపుల్లో తెలిసింది. మూడో మలుపు దగ్గర తెలిసినవాళ్ళ కాఫీ షెడ్డులో పడేసి వెళ్ళాను.

నలభై నిమిషాలకి తిరిగొచ్చాను. ఆయన రాతి మీద కూర్చుని ఉన్నారు. లేచి వచ్చి రాడ్డు ఆయనే తీసుకున్నారు. కింద నుంచే ముందు సబ్‌స్టేషన్ వైపు తీగకి తగిలించారు. ఏమీ లేదు. నా వైపు చూశారు, చూశావా అన్నట్టు. తరవాత రిసార్టు వైపు తీగకి కొక్కెం చేర్చారు.

టప్‌మని నీలం మంట. మంచు మొత్తం ఒక్క క్షణం నీలమైంది. అవతల పాట చరణం మధ్యలో ఆగిపోయింది. దాని కింద గురకా ఆగిపోయింది.

జనరేటరది. వాళ్ళు మెయిన్ స్విచ్చి దించకుండా వేసుకున్నారు. ఆ కరెంటు వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్లోంచి వెనక్కెక్కి, పదకొండు వేలై, మేం చెయ్యి పెట్టబోయే తీగలో కూర్చుంది. మేం ఆపింది ఒక వైపే. వెనక నుంచి వస్తుంది జాగ్రత్త అని మాకు నేర్పింది ఆయనే. "కరెంటు అల్లుడు కాదురా, వీధి గుమ్మంలోంచే రావడానికి," అనేవారు.

ఆయన చేతిలో కర్ర అలాగే ఉంది. తరవాత నోటుపుస్తకం తీశారు, పేజీ తిప్పారు, పెన్ను క్యాపు తీశారు, మళ్ళీ పెట్టేశారు. నేను వెళ్ళి నిచ్చెన తెచ్చుకుని, ఎక్కి, జంపరు వేసి దిగాను. ఆయన ఆపరేటరుకి ఫోన్ చేసి, "మనుసులందరూ దిగారు. లైను ఏసుకో," అన్నారు. మేమిద్దరమే. అయినా ఒకసారి లెక్కపెట్టుకున్నారు.

మర్నాడు ఆయన డ్యూటీకి రాలేదు. పదకొండింటికి అమ్మ ఫోను.

"మీ సారొచ్చాడురా."

"ఎక్కడికి?"

"ఇంటికే. ఒక్కడే వొచ్చి గుమ్మంలో నిలబడిపోనాడు. రండి బావూ అంటే రాడు, మాటాడడు. ఎండలో నిలబడ్డాడేటి పాపం అని మంచినీళ్ళిచ్చాను."

నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. "ఏమన్నారు?"

"మీవోడు బాగున్నాడమ్మా, అది సెప్పిపోదామని వొచ్చాను, అన్నాడు. టీ తాగి ఎల్లిపోనాడు. నువ్వు బాగున్నావని సెప్పడానికి వాగు దాటుకుని రావాలేటి? ఫోన్నేదా ఆ బాబుకి? నిజం సెప్పు, ఏటైనా తప్పు సేసావా?"

"ఎదురు చెప్పానమ్మా."

"సారుకి ఎదురు సెప్పొద్దని మీ మామ సెప్పనేదా?" అంది.

ఆ రోజు సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నెల తిరక్కుండా నా కాగితం మీద ఆయన రాసింది రెండు ముక్కలు. "చెప్పిన మాట వినడు. ఖాయం చేయవచ్చును." మా పై ఆఫీసరుకి అది అర్థం కాక రెండుసార్లు వెనక్కి పంపాడు. ఆయన రెండుసార్లూ అదే రాసి పంపారు.

ఆయన పోయిన రోజు నాకు సెలవు దొరకలేదు. ఇప్పుడు ఆ రిసార్టు తీగ మీదకి కొమ్మలు బాగా పెరిగాయి, ఈ వారమే కొట్టాలి. ఈసారి ఎల్.సి. నా పేరు మీద. శనివారం ఉదయం తొమ్మిది నుంచి రెండు దాకా ఆ లైను మీద ఎవరికీ కరెంటు ఉండదు. పిండిమిల్లుకి వెళ్ళేవాళ్ళు శుక్రవారమే వెళ్ళి రండి.